జానెడు దూరంలో ఆగిన నీడ

పుష్యమాసం. పొద్దున లేస్తూనే బసవరాజ్ పటేలు నిర్ణయించేశాడు: మాలమాదిగలను వెట్టికి పట్టి, వారంలో బావి లోతు చేయించాలి. నారాయణఖేడ్ నుంచి కంగ్టి పోయే దారిలో ఉన్న ఆ ఊళ్లో ఆయన మాటే చట్టం. వాళ్ల కందిచేలు ఎండి కాయలు చిట్లుతున్నాయి. ఈ వారం కోయకపోతే ఏడాది తిండి నేలపాలు. పటేలుకు అదేమీ పట్టలేదు.

బావికి మాత్రం ఒక ఒప్పందముంది. పోయిన వైశాఖంలో అడుగున చీకట్లో తవ్వుతూ వాళ్లలోని యోసేపు కాలు విరగ్గొట్టుకున్నాడు. అతని భార్య ఎలీసబెతు పటేలు గడప వదల్లేదు. విసిగిపోయి పటేలు బోరంచ నల్లపోచమ్మ మీద ఒట్టేశాడు. నీళ్లు తోడే గిలక బిగించిన మోట గుంజ చుట్టూ తానే గుండ్రంగా రాళ్లు పాతించాడు. గుంజ నీడ ఆ రాళ్ల లోపలికొస్తేనే బావి అడుగుకు వెలుతురు దిగినట్టు. అప్పుడే మనుషులు దిగాలి.

ఇప్పుడు వెట్టికొచ్చిన కూలీలంతా గట్టు మీద కూర్చున్నారు.

"దిగుండ్రి," అన్నాడు పటేలు.

"నీడ రానియ్యి పటేలా," అంది ఎలీసబెతు. "ఒట్టు నీదే గదా."

నీడ కురచవుతూ వచ్చింది. పటేలు నేల మీద బోర్లా పడుకుని చూశాడు. "వస్తుంది, వస్తుంది." నడిమి పొద్దుకు నీడ రాళ్లకు జానెడు దూరంలో ఆగింది. తర్వాత మెల్లగా వెనక్కి సాగడం మొదలుపెట్టింది.

"గుంజ పొడుగు చేసిండ్రు," అన్నాడు పటేలు. తాడుతో కొలిచారు. వేలెడు తేడా లేదు.

"అయితే రాళ్లు జరిపిండ్రు." తవ్వి చూశారు. సున్నంలో పాతిన రాయి, గడ్డపార వంగింది గాని రాయి కదల్లేదు.

మిషన్ బడిలో మూడు తరగతులు చదివిన తోమా ముందుకొచ్చాడు. పటేలు చెంబు తీసి ఒరగబట్టి తిప్పాడు. "భూమి గిట్ల వంగి సూర్యుని సుట్టు తిరుగుతది పటేలా. ఎండకాలం మన దిక్కు ఆయన మొకాన ఉంటది, నెత్తి మీదికొస్తడు. చలికాలం మనం అటు ఒరుగుతం, ఆయన దక్షిణం దిక్కు కిందికి పోతడు. నీడ సాగుతది." చెంబులో నీళ్లన్నీ పటేలు కాళ్ల మీద పడ్డాయి.

"భూమి వంగిందా? నా పట్టా భూమి ఈ మూల నుంచి ఆ మూలకు సాపుగ ఉన్నది. అమీను కొలిచిండు."

"మరి నీడను అడుగు," అంది ఎలీసబెతు.

పటేలు వడ్ల మొగులప్పను రంపంతో రమ్మని పిలిపించాడు. "గుంజ జానెడు కోయి." కోసిన జానెడు కింద పడింది. అప్పటికి పొద్దు వాలి నీడ బారెడు సాగింది. "ఇంకో మూరెడు." గుంజ ఊగింది. పడకుండా కట్టడానికి తాడు చాలలేదు. పటేలు తన తలరుమాలు విప్పి గుంజకు కట్టి, కొసను తానే పట్టుకున్నాడు. మొగులప్ప మూడోసారి రంపం ఆడించాడు. మొదలు ఊడి గుంజ, గిలక, రుమాలు కలిసి బావిలో పడ్డాయి.

రుమాలు లేని తలతో ఊళ్లోకి పోయే పటేలును ఆ ఊరు ఇంతవరకు చూడలేదు.

"దిగి తెండ్రి," అన్నాడు.

"గుంజే లేదు. నీడ యాడికెల్లొస్తది?" అంది ఎలీసబెతు. నడుముకు దోపుకున్న కొడవలి తీసింది. "కొత్త గుంజ పాతు. నీడ లోపలికొచ్చిన దినం పిలువు, వస్తం. నెల దినాలు పట్టొచ్చు." కూలీలంతా లేచి కందిచేల దారి పట్టారు.

పటేలు తానే మెట్లు దిగాడు. వాళ్లింకా గట్టు దిగకముందే లోపలి నుంచి గొంతు వినిపించింది. "ఏం కనిపిస్తలేదు."

"గందుకే గదా రాళ్లు పాతింది," అంది ఎలీసబెతు, వెనక్కి తిరక్కుండానే.

పొద్దు గూకేవేళకు తడిసిన రుమాలుతో పైకొచ్చి, భూమి వంగి ఉందని పటేలు ఒప్పుకున్నాడు. అయితే వంగింది తన భూమి కాదన్నాడు.