బుల్లి లోడరు క్షేమంగానే ఉంది

“మనిషి యంత్రాన్ని నడపడం నాగరికత! యంత్రం మనిషిని తొక్కకుండా చూడడం మహా నాగరికత!”

మా పురపాలక కమిషనరు గారు ఈ మాట సెలవిచ్చిన రోజు మా కార్యాలయ చరిత్రలో సువర్ణాక్షరాలతో రాయదగింది. సువర్ణాక్షరాలకు బడ్జెట్ లేనందువల్ల పసుపు పెయింటుతో గోడ మీద రాయించాం.

ఆయన ఆ మాట అన్నది కొత్తగా కొన్న బుల్లి లోడరు ముందు నిలబడి. లోడరంటే కొండల్ని పిండి చేసే రాక్షసి అనుకునేరు! ఇది ఇంటి గేటులోంచి దూరి పెరట్లోకి పోయేంత చిన్నది. కూర్చోవడానికి సీటు కూడా ఉండదు. వెనకాల ఒక మెట్టు ఉంటుంది. దాని మీద నిలబడి మీటలు కదిపితే, ముందున్న ఇనుప చేతులు బకెట్‌ను ఎత్తుతాయి, దించుతాయి. కూలీలు పూటంతా మోసే మట్టిని అది టీ చల్లారేలోపు మోసి పారేస్తుందని అమ్మినవాడు చెప్పాడు.

దాన్ని కొనడానికి కారణం ఉంది. మా ఆఫీసు వెనక సందులో పాత గోడ ఒకటి కూలి, రాళ్లు గుట్టగా పడి దారి మూసుకుపోయింది. సందు లోపల కొన్ని ఇళ్లు, చివర ఒక టైలరమ్మ కొట్టు ఉన్నాయి. జనం ఆ గుట్ట ఎక్కి దిగుతూ కాలక్షేపం చేస్తున్నారు. పెద్ద బండి ఆ సందులో పట్టదు కాబట్టి చిన్న బండి కొన్నాం. ఇంతవరకు మా ఆఫీసు బుద్ధి తక్కువ పని ఏదీ చెయ్యలేదని పాఠకులు గమనించాలి.

కమిషనరు గారిని మేం చాటున ముందుజాగ్రత్త సారు అంటాం. మేడ మెట్లు దిగేటప్పుడు అటెండరును ముందు దింపి, మెట్లన్నీ ఉన్నాయని రూఢి చేసుకుని గాని కాలు పెట్టరు. అలాంటి మనిషి ఇంజినూ ఇనుప చేతులూ ఉన్న వస్తువును చూసి ఊరుకుంటారా! ఆ సాయంత్రమే నన్ను పిలిచారు.

“ఇవాళ్టి నుంచి లోడరుకు భద్రతాధికారివి నువ్వే.”

“సార్, నేను జనన మరణాల గుమస్తాను.”

“అందుకే! మరణాలు నీ దగ్గరే కదా రాసుకునేది. అవి పెరగకుండా చూసే బాధ్యత కూడా నీదే!”

ఇంటికెళ్లి మా ఆవిడకు చెబితే, ఆవిడ నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

“భద్రతాధికారా? మీరా? పాలు పొయ్యి మీద పెట్టి పేపరు చదువుకునే మనిషికి బండి అప్పజెప్పారా! ఆ కమిషనరుకు పెళ్లాం పిల్లలు లేరా అండీ?”

మర్నాటి నుంచి నియమాలు పుట్టడం మొదలైంది. హెల్మెట్ లేకుండా బండి దగ్గరికి రాకూడదు. బరువు ఎత్తితే బకెట్‌ను నేలకు దగ్గరగా ఉంచి నడపాలి. బకెట్‌లో మనుషుల్ని ఎక్కించకూడదు. దిగేముందు బకెట్ దించి, ఇంజిన్ ఆపి, తాళం తీసెయ్యాలి. ఇవన్నీ బండితోపాటు వచ్చిన పుస్తకంలోని మంచి మాటలే. ఇక్కడితో ఆగితే ఆయన ముందుజాగ్రత్త సారు ఎందుకవుతారు! ఎండ ఉంటే బండి తియ్యకూడదు, ఇంజిన్ వేడెక్కుతుంది. మబ్బు పడితే తియ్యకూడదు, వాన రావచ్చు. గాలి వీస్తే దుమ్ము. గాలి లేకపోతే పొగ పోదు. తీసిన తాళం కమిషనరు గారి చేతికే ఇవ్వాలి. ఎత్తు నుంచి ఏ వస్తువునూ కిందికి విసరకూడదు. ఇక ఆ పుస్తకం, చేతులు మారితే నలిగిపోతుందని, బీరువాలో భద్రంగా పెట్టించారు.

ఆపరేటరు పూర్వాశ్రమంలో రోడ్డు రోలరు నడిపినవాడు. అందువల్ల జీవితంలో దేనికీ తొందరపడడు.

“బండి తియ్యకపోతే నీకు చేతులు మొద్దుబారవా?” అని అడిగాను.

“పరవాలేదు సార్, అలవాటు చేసుకుంటున్నాను” అన్నాడు ఎంతో త్యాగంగా.

పని లేకపోయినా పోషణకు మాత్రం లోటు లేదు. పొద్దున్నే ఇంజిన్ ఆయిలు చూడడం, టైర్లలో గాలి చూడడం, కీళ్లకు గ్రీజు పెట్టడం. కదలని కీళ్లకు రోజూ గ్రీజు పెడితే ఏమవుతుంది? పొంగి బయటికొస్తుంది. దాన్ని మెత్తటి గుడ్డతో తుడవడం. తుడిచాక మళ్లీ పెట్టడం. మధ్యాహ్నం స్నానం, ఆపైన దుప్పటి. తిని కూర్చుని సేవలు చేయించుకుంటోందని సందులో వాళ్లు దానికి కొత్తల్లుడని పేరు పెట్టారు.

టైలరమ్మ వారం వారం వచ్చేది. మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. తిట్టాలనుకున్నప్పుడు మాత్రం సూదులు తీసి జాకెట్టుకు గుచ్చుకునేది.

“ఏమయ్యా, మీ కొత్తల్లుడు ఇవాళైనా లేస్తాడా?”

“గాలి ఎక్కువగా ఉందమ్మా.”

“నిన్న గాలి లేదన్నావు!”

“అందుకే నిన్న తియ్యలేదు.”

“నా దగ్గర కొలతలిచ్చిన పెద్దావిడ గుట్ట ఎక్కలేక వెనక్కి పోయింది. బట్టలు నేనే ఇంటికి మోసుకెళ్లి తొడిగి చూసి వస్తున్నాను. మీ బండిని కాపాడుతున్నారు సరే, మమ్మల్ని ఎవరు కాపాడతారయ్యా?”

ఈ ప్రశ్నను కమిషనరు గారి ముందుంచాను. ఆయన చాలాసేపు ఆలోచించి, గుట్ట మీద ‘జాగ్రత్తగా ఎక్కండి’ అని బోర్డు పెట్టించారు. బోర్డు పాతడానికి మరి కాసిన్ని రాళ్లు పోగేయవలసి వచ్చింది. గుట్ట కొంచెం ఎదిగింది.

ఇలా ఉండగా పై కార్యాలయం నుంచి కబురు. ప్రమాదం లేకుండా యంత్రాలు నడిపే ఊరికి పురస్కారమట! బండి పని చేస్తుండగా చూడడానికి తనిఖీ బృందం వస్తుందట. దానికి ముందు ఒక ఫోటో పంపాలట.

“ఫోటో బకెట్‌లో నిలబడి తీయించుకుంటాను” అన్నారు కమిషనరు గారు.

“సార్, బకెట్‌లో మనుషులు ఎక్కకూడదని మీరే...”

“మనుషులు అన్నాను. నేనెక్కితే అది పర్యవేక్షణ!”

హెల్మెట్ పెట్టుకుని ఎక్కారు. ఆపరేటరు మీట లాగాడు. అన్నాళ్ల గ్రీజు ఊరికే పోతుందా! చేతులు సర్రున పైకి లేచాయి. కమిషనరు గారు మా తలల మీదుగా ఎగిసి, ఆఫీసు కిటికీ చూరు పక్కన తేలారు.

“ఆపు! ఆపు!” అని అరిచారు.

ఆపరేటరు భయపడి ఇంజినే ఆపేశాడు. అంతటితో ఊరుకోక, నియమం గుర్తొచ్చి తాళం తీసి, కమిషనరు గారి చేతికి అందేలా పైకి విసిరాడు. ఆయన అలవాటు కొద్దీ పట్టుకుని జేబులో వేసుకున్నారు.

మేమంతా ఆ జేబు వైపు తలలెత్తి చూశాం.

“సార్, తాళం ఇలా పడెయ్యండి” అన్నాను.

“ఎత్తు నుంచి వస్తువులు విసరకూడదు!” అని పైనుంచి గద్దించారు. “నా రూలు నేనే తప్పుతానా?”

“పోనీ మీరే దూకేస్తే?”

“నేను వస్తువు కంటే తీసిపోయానా?”

నిచ్చెన కోసం పరుగెత్తాం. స్టోరులో ఉన్న నిచ్చెనకు పరీక్ష చేసినట్టు ముద్ర లేదు. ముద్ర వెయ్యవలసింది కమిషనరు గారు. ఆయనేమో పైన ఉన్నారు. ముద్ర ఆయన గదిలో ఉంది. గది తాళం ఆయన రెండో జేబులో ఉంది.

సరిగ్గా అప్పుడే టైలరమ్మ వచ్చింది. పైకి చూసింది. సూదులు తియ్యకుండానే నవ్వబోయి, పెదవి గుచ్చుకుని, తీసి జాకెట్టుకు పెట్టుకుంది.

“ఏంటయ్యా, సారును ఆరేశారు?”

“పర్యవేక్షణమ్మా” అన్నాను.

“సారునే దించుకోలేనివాళ్లు మా రాళ్లేం తీస్తారు!” అని వెనక్కి తిరిగింది. “రండే! రండర్రా! వీళ్లను నమ్ముకుంటే మనం ఇంట్లోంచి రెక్కలు కట్టుకుని రావాలి!”

సందులోంచి గడ్డపారల చప్పుడు వినబడసాగింది. ఆడా మగా వరస కట్టి, గంపలు చేతులు మారుస్తూ, రాళ్లన్నీ సందు మొదట్లో ఉన్న ఖాళీ స్థలంలో పోశారు. మేం వెళ్లి చూసే స్థితిలో లేం. కమిషనరు గారికి మజ్జిగ అందించడం ఎలాగా అన్న చర్చలో ఉన్నాం. పొద్దువాలే వేళ ఆయన తుమ్ము ఆపుకోవడానికి జేబులోంచి రుమాలు లాగారు. తాళం జారి కిందపడింది.

“నేను విసరలేదు!” అన్నారు వెంటనే. “అదే జారింది. అందరూ చూశారుగా?”

అందరం చూశామన్నాం. ఆపరేటరు తాళం పెట్టి ఆయన్ని నెమ్మదిగా దించాడు. నిజానికి ఇంజిన్ ఆగి ఉన్నా మీట నొక్కితే చాలు, బకెట్ మెల్లగా దిగుతుందట. ఆ సంగతి పుస్తకంలో ఉందట. పుస్తకం మాత్రం నలగలేదు.

మర్నాడు కమిషనరు గారు సందు చూసి గుండె పట్టుకున్నారు. సందు అద్దంలా ఉంది! పిల్లలు సైకిలు తొక్కుతున్నారు. టైలరమ్మ కొట్టు ముందు మనుషులు నిలబడి కొలతలిస్తున్నారు.

“రాళ్లేవి?” అన్నారు.

“జనం తీసేశారు సార్.”

“ఎవరిని అడిగి? హెల్మెట్ లేకుండా, అనుమతి లేకుండా, ప్రమాదాన్ని లెక్కచెయ్యకుండా... ఎంత బాధ్యతారాహిత్యం! తనిఖీ బృందం వస్తే బండి ఏం పని చేసి చూపిస్తుంది? నా తలకాయా?”

చాలాసేపు పచార్లు చేసి, తల ఎత్తారు.

“మళ్లీ పోయించు.”

“ఏం పోయించాలి సార్?”

“రాళ్లయ్యా! రాళ్లు!”

అలా మా బుల్లి లోడరు తన జీవితంలో మొట్టమొదటి పని మొదలుపెట్టింది. ఎంత చక్కగా చేసిందో చెప్పలేను! జనం దాటి రాకుండా చుట్టూ పసుపు టేపు కట్టాం. ఆపరేటరు హెల్మెట్, బూట్లు వేసుకున్నాడు. బకెట్ నిండుగా ఉన్నా నేలకు దగ్గరగానే పట్టుకున్నాడు. మలుపు దగ్గర ఆగి అటూ ఇటూ చూసి కదిలాడు. ఖాళీ స్థలంలోని రాళ్లను ఒక్కటీ జారకుండా తెచ్చి సందులో పేర్చాడు. నేను ఈల ఊదాను.

టైలరమ్మ కత్తెరతో సహా పరుగెత్తుకొచ్చింది.

“ఏమయ్యా! బుద్ధుందా? తీసినవి మళ్లీ పోస్తున్నారేంటి?”

“రేపు తీసేస్తామమ్మా. తనిఖీ వాళ్లు వస్తున్నారు.”

“వాళ్లొచ్చి చూడ్డానికి మేం రాళ్లలో ఉండాలా?”

ఇంతలో కారు ఆగింది. తనిఖీ బృందం రేపు రావలసింది, ఇవాళే వచ్చేసింది! కమిషనరు గారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. బృందం పెద్దాయన టేపు వెనక నిలబడి కళ్లజోడు సర్దుకున్నారు. బండి వచ్చింది, ఆగింది, చూసింది, పోసింది, వెళ్లింది.

“అద్భుతం!” అన్నారు పెద్దాయన.

పక్కనున్న చిన్న అధికారి గొణిగాడు. “సార్, రాళ్లు సందులోంచి బయటికి కదా రావాలి? ఇక్కడ లోపలికి పోతున్నాయి.”

“అది మన పరిధిలోకి రాదయ్యా. మనం చూసేది భద్రత. దిశ వేరే శాఖ.”

“అయ్యా, మా గుమ్మం మూసుకుపోతోంది!” అని టైలరమ్మ మొత్తుకుంది.

“అమ్మా, దయచేసి టేపు దాటకండి” అన్నారు పెద్దాయన ఎంతో మర్యాదగా.

పురస్కారం మాకే వచ్చింది. గాజు ఫలకం. దాని మీద ‘ప్రమాదాలు: సున్నా’ అని చెక్కారు. కమిషనరు గారు దాన్ని తన గదిలో, ఎవరి నెత్తిన పడకుండా, నేల మీద పెట్టించారు. చప్పట్లు అయ్యాక నేను దగ్గరికెళ్లి మెల్లగా అడిగాను.

“సార్, ఆ రాళ్లు తీయించమంటారా?”

“పిచ్చివాడా! సున్నా వచ్చాక మళ్లీ బండి తీస్తే అది ఒకటి కావచ్చు” అని నవ్వి, లోడరు మీద దుప్పటి కప్పించారు.

ఆ సాయంత్రం సందు దగ్గరికి వెళ్లాను. టైలరమ్మ మళ్లీ అందర్నీ వరసలో నిలబెట్టింది. వరసలో ఒక చోట ఖాళీ ఉంటే వెళ్లి నిలబడ్డాను. గంప నా చేతికొచ్చింది. అది ఎంత బరువుంటుందో నాకప్పటిదాకా తెలియదు. గంప వంగింది, రాయి జారింది, నా కాలి బొటనవేలు మీద పడింది.

టైలరమ్మ తన కొట్టులోని మెత్తటి పేలికలతో కట్టు కట్టింది. “భద్రతాధికారివి కదూ?” అంది ముడి బిగిస్తూ. రాళ్లు మాత్రం దీపాలు పెట్టే వేళకు మళ్లీ తీసేశారు.

పొద్దున్న కుంటుకుంటూ వెళ్లి సెలవు అడిగాను.

“ఎందుకు?” అన్నారు కమిషనరు గారు.

“కాలి మీద రాయి పడింది సార్.”

“పడలేదు.”

“ఇదిగో సార్ కట్టు...”

ఆయన లేచి తలుపు మూసి, గాజు ఫలకం వైపు చూపించారు. “ఏముంది దాని మీద?”

“సున్నా సార్.”

“మరి నీ కాలికి తగిలిందంటే నువ్వు ఒకటి అన్నమాట. పురస్కారాన్ని వెనక్కి పంపించమంటావా? ఊరి పరువు నీ బొటనవేలు మీద నిలబెడతావా? వెళ్లు. సరిగ్గా నడిచి వెళ్లు.”

తలుపు దాకా సరిగ్గా నడిచాను. కళ్లలో నీళ్లు తిరిగాయి గాని, నీళ్ల గురించి నియమమేమీ లేదు.

ఇప్పుడు ఇంట్లో కుంటుతాను. సందులో కుంటుతాను. బజారులో మా ఆవిడ భుజం పట్టుకుని మరీ కుంటుతాను. ఆఫీసు గేటు దాటిన దగ్గర్నుంచి మాత్రం పళ్లు బిగబట్టి, ఏ ప్రమాదమూ జరగని మనిషిలా చక్కగా నడుస్తున్నాను.