మేయరు గారి కోతి గడియ

మార్చి మొదటి సోమవారం పొద్దున్న మా మున్‌గోక్ పట్టణ మేయరు తాక్ సాంగ్‌గ్యు గారు విలేకరుల్ని పిలిపించి, జూలై పదిహేనో తేదీ మధ్యాహ్నం మూడున్నర దాకా తాను ఏ కాగితం మీదా ముద్ర వేయబోనని ప్రకటించారు. ప్రెస్ నోట్ నేనే టైపు చేశాను. దీనికి 'లోతుగా ఆలోచించే పాలన' అని పేరు పెట్టాం. చకచకా ముద్రలు గుద్దే మేయర్లు దేశమంతా ఉన్నారు గానీ, నూటముప్ఫై మూడు రోజులు ఏకధాటిగా ఆలోచించే మేయరు మాకొక్కరికే దక్కారన్నది అందులో చివరి వాక్యం. ఆ వాక్యం నాదే. సెక్షన్ హెడ్ నా భుజం తట్టాడు.

ఒక విలేకరి మాత్రం చెయ్యెత్తాడు.

"ముద్ర ఎందుకు వెయ్యరండీ? చెయ్యి నొప్పా?"

"దశ మారుతోంది," అన్నారు మేయరు గారు.

విలేకరి తల ఊపి రాసుకున్నాడు. మా ఊళ్లో దశ మారుతోందని చెప్పాక రెండో ప్రశ్న వేయడం మర్యాద కాదు. ఆ విలేకరి అత్తగారే పోయినేడు దశ మారుతోందని నడుస్తున్న నూడుల్స్ హోటలు మూసేసి ఇంట్లో కూర్చుంది.

నా ఉద్యోగం సంగతి చెప్పాలి. పట్టణ అధికార ముద్ర ఒక నల్లటి పెట్టెలో ఉంటుంది. ఆ పెట్టె తాళం పంతొమ్మిదేళ్లుగా నా దగ్గర ఉంది. ఇన్నేళ్లలో ఎవరూ దేని మీదా నా అభిప్రాయం అడగలేదు. అది నా కుర్చీకి ఇచ్చిన గౌరవం అనుకుంటాను.

దశ లెక్క కట్టినది క్వాక్ గురువు గారు. బస్టాండు పక్కన, వేయించిన కోడి అమ్మే కొట్టు మేడ మీద ఆయన ఆఫీసు. జాతకం ఫైలు తెమ్మని మేయరు గారు నన్ను పంపితే, గురువు గారు నాకు కూడా అర్థమయ్యేలా చెప్పారు.

"పుట్టిన ఏడు, నెల, రోజు, గడియ. ఒక్కోదానికి రెండేసి అక్షరాలు, మొత్తం ఎనిమిది. ఇవి చచ్చేదాకా మారవు. మారేది పదేళ్లకోసారి వచ్చే దశ. జాతకం కారనుకో, దశ రోడ్డు. మీ మేయరుది ఖరీదైన కారయ్యా. ఇన్నేళ్లూ గుంతల్లో తోలుతున్నాడు, పాపం."

"రెండుసార్లు మేయరుగా గెలిచారు కదండీ?"

"గుంతల్లోనే గెలిచాడు. రోడ్డు బాగుంటే ఎక్కడుండేవాడో ఆలోచించు."

నేను ఆలోచించి చూశాను. భయం వేసింది.

మా లెక్కలో ఏళ్లకీ, గడియలకీ పన్నెండు జంతువుల పేర్లుంటాయి. మేయరు గారు పుట్టింది ఎర్ర కోతి ఏట, వసంతంలో, తెల్లారుజామున. ఎనిమిది అక్షరాల నిండా నిప్పే, నీటి చుక్క లేదు. జూలై పదిహేనున నీటి దశ మొదలవుతుంది. నిప్పుకి నీరు తగిలితే ఆవిరి పుడుతుంది, ఆవిరితో రైలు కదులుతుంది, ఆ రైలు మున్‌గోక్‌లో ఆగకుండా నేరుగా రాష్ట్ర గవర్నరు కుర్చీ దగ్గర ఆగుతుంది. అయితే దశ మారే ముందు నాలుగైదు నెలలు మనిషి గుమ్మం మీద నిలబడ్డట్టు లెక్క. ఆ రోజుల్లో ముద్ర వేయకూడదు.

"ముద్ర పడితే కాగితం పుట్టినట్టే," అన్నారు గురువు గారు. "దానికీ ఒక జాతకం ఉంటుంది. చెడ్డ గడియలో పుట్టిన కాగితం తండ్రిని వదిలిపెట్టదు."

"తండ్రి ఎవరండీ?"

"ముద్ర వేసినవాడు."

కంప్యూటరులో ఆమోదం మీట నొక్కడం కూడా కాన్పు కిందికే వస్తుందని తేల్చారు. పంతొమ్మిదేళ్లలో నా చేతుల మీదుగా ఎన్ని పురుళ్లు పోశానో తలుచుకుంటూ మెట్లు దిగాను.

ఏప్రిల్‌లో బామ్‌గోల్ నుంచి బున్‌న్యే అవ్వ రావడం మొదలుపెట్టింది. బామ్‌గోల్ నదికి అవతల ఉంటుంది, ముప్ఫై గడపల ఊరు. పోయిన తుపానుకి వంతెన స్తంభం ఒకటి కుంగి, బండ్లు పోకూడదని బోర్డు పెట్టారు. అవ్వ భర్తకు రెండు కిడ్నీలూ పనిచేయవు. వారానికి మూడు రోజులు మా ఊరి ఆసుపత్రిలో డయాలసిస్ చేయించాలి. ఆసుపత్రి వ్యాను వంతెన దాటి రాదు కనుక, మిరపకాయల బస్తాలు తోలే తోపుడు బండిలో ఆయన్ని కూర్చోబెట్టి అవ్వే తోసుకొస్తుంది. అవ్వకి డెబ్భై రెండేళ్లు. వంతెన మరమ్మతు ఫైలు అన్ని బల్లలూ దాటి నా దగ్గరికి వచ్చి ఆగింది. ముద్ర ఒక్కటే బాకీ.

"వానలు పడేలోపు అవుతుందా, నాయనా?"

"జూలై పదిహేను దాకా ఆగాలి, అవ్వా. మేయరు గారి రోడ్డు బాగాలేదు."

"ఆయనకి కారూ ఉంది, రోడ్డూ ఉంది. మా ముసలాయనకి తోపుడు బండి ఉంది, రోడ్డే లేదు. దానికి ఏ శాస్త్రం చూడాలి?"

ఇలాంటి ప్రశ్నలకు ఒక ఫారం ఉంది. ఇచ్చాను. నింపి ఇచ్చింది. దాని మీద కూడా ముద్ర పడాలి.

మేయరు గారు ఊరికే కూర్చున్నారనుకుంటే పొరపాటు. నీటిని ఆహ్వానించే పనుల్లో తలమునకలుగా ఉన్నారు. ఆఫీసు గదిని ఉత్తరం వైపుకి మార్పించారు. నల్ల సూట్లు కుట్టించుకున్నారు. బల్లకు రెండు వైపులా చేపల తొట్లు పెట్టించారు. మా ఊరు మిరపకాయలకు పేరు. నాలుగు దారుల కూడలిలో ఆరు మీటర్ల ఎర్ర మిరపకాయ బొమ్మ ఉంది, ఒక రైతు కూడా లేని ఊళ్ల నుంచి వచ్చి దాని పక్కన ఫోటోలు దిగుతారు. ఎరుపంటే నిప్పు కనుక దానికి ముదురు నీలం రంగు వేయించారు. మర్నాడే మిరప రైతుల సంఘం వాళ్లు వచ్చారు.

"ఇదేంటి మేయరు గారూ, బస్సు దిగినవాళ్లు ఈ ఊళ్లో వంకాయలు బాగా పండుతాయా అని అడుగుతున్నారు."

"పండించండి," అన్నారు మేయరు గారు. సమస్యను అవకాశంగా చూడటం అంటే ఇదే.

ఈలోగా నాకొక ఆలోచన వచ్చింది. అత్యవసరమైతే డిప్యూటీ మేయరు ప్యో గారు కూడా ఆమోదించవచ్చని రూల్సులో ఉంది. వంతెన ఫైలు పట్టుకుని ఆయన గదికి వెళ్లాను. ఆయన ముందు తలుపు మూశారు.

"నా దశ ఆగస్టులో మారుతుందయ్యా. మా ఆవిడ చూపించింది. ఎవరితోనూ అనకు. నేను లీవులో ఉన్నానని రాసుకో."

"ఇక్కడే కూర్చున్నారు కదా సార్?"

"కూర్చునే లీవు."

మే నెలాఖరున బున్‌న్యే అవ్వ మేయరు గారి గది ముందు చాప పరుచుకుని కూర్చుంది. ఆయన పెద్ద మనసు చేసుకుని లోపలికి పిలిచారు. బార్లీ టీ ఇప్పించారు. ఆమె భర్త పుట్టిన తేదీ, గడియ అడిగి స్వయంగా గురువు గారికి ఫోన్ చేసి, అవతలి మాట విని, నవ్వు మొహంతో పెట్టేశారు.

"శుభవార్త అమ్మా. మీ ఆయన జాతకంలో ఈ ఏడాది గండం లేదట. నిశ్చింతగా ఉండండి."

"కిడ్నీలు ఆ జాతకం చదవలేదండీ," అంది అవ్వ.

ఆమె వెళ్లాక మేయరు గారు కాసేపు చేపల్ని చూశారు. ప్రజలకు ఓర్పు తగ్గిపోతోందని బాధపడ్డారు.

జూన్ చివర వానలు మొదలయ్యాయి. మేయరు గారు కిటికీ తెరిపించి చెయ్యి బయటపెట్టి తడుపుకున్నారు. తన నీరు రెండు వారాలు ముందే బయల్దేరిందని మురిసిపోయారు. జూలై తొమ్మిదిన ఆ నీరే బామ్‌గోల్ వంతెనను స్తంభాలతో సహా పట్టుకుపోయింది.

పదో తేదీన హెలికాప్టరు వచ్చి అవ్వ భర్తను ఆసుపత్రికి తెచ్చి, తిరిగి దింపింది. ఆ తర్వాత మబ్బులు దిగిపోయి హెలికాప్టరు లేవలేదు. నది ఉరవడికి పడవ నిలవలేదు. ఇక మిగిలింది సైన్యం. వాళ్ల దగ్గర తేలే వంతెన ఉంది, లారీల మీద ఎక్కించి సిద్ధంగా ఉంచారు. మేయరు ముద్రతో ఒక్క కాగితం వస్తే రెండు గంటల్లో వేస్తామన్నారు. ఆ కాగితం నేనే రాశాను. మేయరు గారు చదివి చలించిపోయారు. జూలై పదిహేనున, మూడున్నరకి, కొత్త దశలో తన మొదటి ముద్ర దీని మీదే వేస్తానని మాట ఇచ్చారు. కెమెరాలకు కూడా బాగుంటుందన్నారు.

పదిహేను రానే వచ్చింది. మూడున్నరకే ఎందుకంటే, మా దేశంలో గడియారాలు సూర్యుడి కంటే అరగంట ముందు నడుస్తాయి. అందుకని కోతి గడియ మూడింటికి కాకుండా మూడున్నరకి మొదలవుతుంది. కోతి ఏట పుట్టినవారికి కోతి గడియ. నీలం తెరలు కట్టిన పెద్ద హాలు నిండిపోయింది. వృద్ధుల ఆసుపత్రి నుంచి మేయరు గారి తల్లిని చక్రాల కుర్చీలో తెచ్చారు, గులాబీ రంగు పట్టు బట్టలు కట్టి. ఆమెకు తొంభై రెండేళ్లు.

బున్‌న్యే అవ్వ తోపుడు బండి పట్టని కొండ దారిన, చుట్టు తిరిగి నాలుగు గంటలు నడిచి వచ్చింది. మోకాళ్ల దాకా బురద. కాగితం నా చేతిలో ఉంచుకోనివ్వలేదు, తనే పట్టుకుంది.

"ఎలా ఉన్నారవ్వా తాతగారు?"

"డయాలసిస్ రెండుసార్లు తప్పింది. ఒళ్లంతా నీరు పట్టింది. పొద్దున్న నన్ను పేరు పెట్టి పిలిచాడు. పెళ్లయి యాభై ఏళ్లు, ఏనాడూ పేరు పెట్టి పిలవలేదయ్యా ఆయన. నాకు భయంగా ఉంది."

నాకూ భయం వేసింది. పెట్టె తాళం తీసి సిద్ధంగా ఉంచాను. గోడ గడియారం మూడూ ఇరవై చూపిస్తోంది.

లోకల్ టీవీ అమ్మాయి మైకు తీసుకుని మేయరు గారి తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"అవ్వా, మీ సాంగ్‌గ్యు పుట్టిన పొద్దు ఎలా ఉందో చెప్పండి."

ముసలావిడ మొహం వెలిగింది. "తెల్లారుజాము. అప్పుడే కోళ్లు కూస్తున్నాయి. పాలలా తెల్లగా ఉండేవాడు తల్లీ. రెండో ఏట తట్టు పోసి పోయాడు."

"ఎవరు పోయారవ్వా?"

"సాంగ్‌గ్యు."

మేయరు గారు నవ్వుతూ వంగారు. "అమ్మా, సాంగ్‌గ్యు నేనే కదా."

"నువ్వు కుక్కపెంటవి," అంది తల్లి, ముద్దుగా. "దిష్టి తగలకుండా అలా పిలిచేవాళ్లం. నువ్వు తర్వాత పుట్టావు, పంది ఏట, మిరపకాయలు ఆరబోసే రోజుల్లో. కొత్తగా పేరు రాయించాలంటే ఆఫీసు దాకా రోజంతా నడవాలి. అక్కడ మీ అన్న పేరు కొట్టేయకుండా ఖాళీగా ఉంది. వృథా ఎందుకని మీ నాన్న దాన్నే నీకిచ్చాడు."

మేయరు గారు గురువు గారి వైపు చూశారు. గురువు గారు అప్పటికే వేళ్ల కణుపులు లెక్కపెడుతున్నారు.

"కోతి ఏట పుట్టిన మగవాడికి దశలు ముందుకు నడుస్తాయి," అన్నారు నెమ్మదిగా. "పంది ఏట పుట్టినవాడికి వెనక్కి నడుస్తాయి."

"అయితే నీటి దశ?"

"మీ దారిలో లేదు. వచ్చేది కట్టెల దశ."

"ఎప్పుడు?"

"ఈ శరదృతువులో. మీరు గుమ్మం మీదికి ఇప్పుడే ఎక్కారు. నవంబరు చివర, చలికాలానికి కిమ్చీ పచ్చడి జాడీల్లో పెట్టుకునే రోజుల దాకా దిగకూడదు."

మూడున్నర అయింది. మేయరు గారు చేతిలో ఉన్న ముద్రను జేబురుమాలుతో శుభ్రంగా తుడిచి, పెట్టెలో పెట్టేశారు. మూత మాత్రం వేయలేదు.

బున్‌న్యే అవ్వ బల్ల దగ్గరికి వచ్చింది.

"అయితే ఆ పోయిన పిల్లాడి చేత వేయించండి. వాడి దశ బాగుంది కదా."

ఎవరూ నవ్వలేదు. మేయరు గారు నిజంగానే గురువు గారి వైపు తిరిగారు. గురువు గారు నిజంగానే ఆలోచించారు.

"శాస్త్రంలో అలాంటి ఏర్పాటు లేదు."

"రికార్డుల ప్రకారం మాత్రం ఎన్నికల్లో గెలిచింది ఆ పిల్లాడే," అన్నారు డిప్యూటీ ప్యో గారు, తన లీవులోంచే.

మేయరు గారు హాలంతా కలియజూసి చివరికి నా మీద చూపు ఆపారు. పంతొమ్మిదేళ్లలో ఒక మేయరు నా మొహం అంతసేపు చూడటం అదే మొదలు.

"తాళం నీ దగ్గరే ఉంటుంది కదయ్యా. అత్యవసరమని రాసి నువ్వే గుద్దెయ్. నేను చూడను. నువ్వు ఏ గడియలో పుట్టావు?"

బున్‌న్యే అవ్వ కాగితం నా ముందు పరిచింది. బురద అంటకుండా అంచులు రెండు వేళ్లతో పట్టుకుంది. సైన్యం లారీలు నది ఒడ్డున ఇంజన్లు ఆపకుండా ఉన్నాయని ఎవరో ఫోన్‌లో చెబుతున్నారు. పెట్టె మూత తెరిచే ఉంది.

మా అమ్మను అడిగి చెప్తాను సార్, అన్నాను. మా అమ్మ పోయి పదకొండేళ్లయింది.