గోవిందమ్మకు చెముడు వచ్చిన విధము

వికారాబాదు శివారులోని ఒక కొత్త కాలనీ వాసులకు తెలియజేయునది ఏమనగా, తాండూరు బండల వ్యాపారి జనార్దన్ గారి తల్లి గోవిందమ్మకు చెముడు వచ్చింది. వైద్యుడు ధ్రువీకరించాడు, కుటుంబం ఆమోదించింది, కాలనీ సంక్షేమ సంఘం సానుభూతి తెలిపింది. నాకు వినబడుతూనే ఉంది మొర్రో అన్నది ఒక్క గోవిందమ్మే. ఇలాంటి విషయాల్లో రోగి మాట ఎవరు పట్టించుకుంటారు చెప్పండి?

ఆ చెవులు సామాన్యమైనవి కావు. తాండూరులో బండలకు పాలిష్ పట్టే మిషన్ల పక్కనే ఆమె కాపురమంతా గడిచింది. ఆ మోతలో మామూలు మనిషికి తన మాట తనకే వినబడదు. గోవిందమ్మకు మాత్రం పొయ్యి మీద పాలు పొంగడమూ, వీధి చివర కూరగాయలామె ధర పెంచి చెప్పడమూ, పక్కింటి కోడలు తన గురించి గొణుక్కోవడమూ అన్నీ స్పష్టంగా వినబడేవి. వాటన్నిటి నడుమ పొద్దున్నే కందిపప్పు చెరుగుతూ రేడియోలో పాట కూడా వినేది. జనార్దన్ వికారాబాదులో పెద్ద ఇల్లు కట్టి సామాను తరలించినప్పుడు, కొత్త ఇంటికి పాత డబ్బా దేనికని కోడలు ఆ రేడియోను పాత ఇనుప సామానువాడికి ఇచ్చేసింది. గోవిందమ్మకు తొలి పొద్దు నుంచే ఆ ఇల్లు బోసిపోయినట్టు అనిపించింది.

"కొడుకా, ఒక్క రేడియో తెచ్చియ్యి. పొద్దుగాల పాట లేకుంటె నా చెయ్యి ఆడ్తలేదు" అని అడిగింది.

జనార్దన్‌కు తల్లి అంటే ప్రాణం. అందుకే ఆయన మనసు చివుక్కుమంది. "రేడియో ఏందమ్మా? ఇంత ఇల్లు కట్టి తల్లికి రేడియో తెచ్చిండంటె నలుగురు ఏమనుకుంటరు? నీకు మస్తుది తెస్త, ఫికర్ చెయ్యకు" అన్నాడు. నలుగురు ఏమనుకుంటారన్న ప్రశ్న తలెత్తాక ఏ వస్తువైనా తేలిగ్గా ఇంటికి వస్తుందా? రాదు. కుటుంబ స్థాయిలో ఒక ఎంపిక సంఘం ఏర్పాటైంది.

సంఘం పలుమార్లు సమావేశమైంది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలు ఇంటికొచ్చే మనవడు రిత్విక్, శబ్దంలో ఒక్క చుక్క కూడా పోకూడదని పట్టుబట్టాడు. అతను చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి ఆ మాట చెప్పి, మళ్లీ పెట్టుకున్నాడు. కోడలు టీవీ కింది చెక్క రంగుకు నప్పేదై ఉండాలన్నది. ఇంటర్ చదివే మనవరాలు హాసిని, ఏది కొన్నా ఫొటోలో బాగా పడాలన్నది. గోవిందమ్మ అభిప్రాయం కూడా తీసుకున్నారు. "చెవి మెలేస్తే పాడాలె, అంతే" అన్నదామె. ఆ సూచనను చిరునవ్వుతో నమోదు చేసుకుని పక్కన పెట్టారు.

చివరకు హైదరాబాదు నుంచి వంశీ అనే ధ్వని సలహాదారును పిలిపించారు. అతనికి దుకాణం లేదు, అభిప్రాయాలు ఉన్నాయి. వాటికే ఫీజు తీసుకుంటాడు. ఇప్పుడు రేడియోలూ టేపులూ పోయాయనీ, స్ట్రీమర్ అనే పెట్టె వచ్చిందనీ, ఇంట్లోని వైఫై పట్టుకుని అది లోకంలోని పాటలన్నిటినీ హాలులోకి దించుతుందనీ అతను వివరించాడు. తర్వాత మూడు బొమ్మలు చూపించాడు.

"ఇది చిన్నది సార్. స్పీకరు లోపలే ఉంటది. కేవలం పాటలు వినేవాళ్లు తీసుకుంటరు" అన్నాడు. దాని ఖరీదు రెండు బస్తాల కందులకు సమానం. కేవలం అన్న మాట విని సంఘం ముఖం తిప్పుకుంది. రెండోది మంచి పాడిబర్రె ఖరీదు. ఇంట్లో పాత యాంప్లిఫయరు, స్పీకర్లు ఉన్నవాళ్లకు సరిపోతుంది. "దీన్ని తాండూరుల వెంకటేశం సారు తీసుకున్నరు" అని వంశీ నోరు జారాడు. వెంకటేశం కూడా బండల వ్యాపారే, పైగా ఇదే కాలనీలో ఇల్లు కట్టాడు. దాంతో రెండోది కూడా పోటీ నుంచి తప్పుకుంది. మూడోది కొత్త ట్రాక్టరు ఖరీదు. నల్లటి లోహపు పెట్టె, ముందర ఒక నీలం దీపం.

ఇక్కడ వంశీ నిజాయితీని మెచ్చుకోవాలి. ఏదీ దాచలేదు. "సార్, ఇది పాటను తెస్తది, అంతే. సప్పుడు బయటికి రావాలంటే యాంప్లిఫయరు, స్పీకర్లు వేరే కొనాలె. వాటికి ఇంకో రెండు ట్రాక్టర్లు అయితది. ఓడ మీద వస్తయి, కొన్ని నెలలు పడుతది" అని చెప్పాడు. జనార్దన్ పెట్టెకు పూర్తి పైకం, మిగతావాటికి బయానా ఇచ్చాడు.

ఆ విధంగా ఎక్కువగా వినే మనిషికి ఏమీ రాకుండా, ఎప్పుడూ వినని హాలుకు అన్నిటికన్నా ఖరీదైన యంత్రం వచ్చింది. మన ఇళ్లలో మంచి కప్పులు, మంచి దుప్పట్లు ఎవరి కోసం ఉంటాయో తెలిసిన పాఠకులు ఇందులో ఆశ్చర్యపడరు. స్పీకర్లు వచ్చేదాకా గోవిందమ్మ తన ఫోనులోనే పాట పెట్టుకోబోయింది. కోడలు పరుగున వచ్చి ఆపింది. "అత్తమ్మా, అంత మిషన్ పెట్టుకోని ఫోన్ల పాటలు మోగిస్తే మన ఇజ్జత్ ఏంగావాలె?" అన్నది. ఇజ్జత్ కాపాడటం కోసం గోవిందమ్మ పాట లేకుండానే పప్పు చెరగసాగింది.

స్పీకర్లు ఇంకా సముద్రం మీద ఉండగానే వెంకటేశం చూడటానికి వచ్చాడు. గేటు దగ్గరే జనార్దన్ ఖరీదు చెప్పేశాడు, అది మన మర్యాద. హాలులో నీలం దీపం వెలిగించి, "స్పీకర్లు ఇంకా రాలేదన్నా" అని చెప్పడానికి నోరు తెరిచాడు. అంతలోనే వెంకటేశం కళ్లు మూసుకుని, "అబ్బబ్బ! ఏం క్లారిటీ!" అన్నాడు. జనార్దన్ తెరిచిన నోరు మూసుకున్నాడు. అవతలి మనిషికి వినబడుతోంది కదా, కాదని ఎలా అంటాడు? పాపం, వెంకటేశం మాత్రం ఏం చేస్తాడు? ట్రాక్టరు ఖరీదు చేసే పాట తనకు వినబడలేదని చెప్పుకుంటే బర్రె ఖరీదు చెవులని తేలిపోదూ!

గోవిందమ్మ చేట పట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఏది? నాకేం ఇనొస్తలేదు" అన్నది.

వెంకటేశం కళ్లు తెరిచి ఆమెకేసి జాలిగా చూశాడు. "పెద్దమ్మకు వయసైంది గదా" అన్నాడు.

మర్నాడు పొద్దున కారు ఎక్కబోతున్న కొడుకును ఆమె ఆపింది. "నా మీద ఒట్టు, నిజం చెప్పు. నీకు ఇనొచ్చిందా?" అన్నది.

జనార్దన్ అటూ ఇటూ చూశాడు. "అమ్మా, వెంకటేశానికి ఇనొచ్చింది. పైసలు పెట్టినోన్ని, నాకు ఇనొస్తలేదని నేనెట్ల చెప్తనే?" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖం చిన్నపిల్లాడి ముఖంలా అయింది. గోవిందమ్మకు కోపమూ జాలీ రెండూ కలిగాయి.

తర్వాత కాలనీ కదిలి వచ్చింది. వచ్చినవారందరికీ వినబడింది. ఒకరికి వీణ, ఒకరికి వేణువు, కరణ్‌కోట నుంచి వచ్చిన ఒక బంధువుకైతే సిమెంటు ఫ్యాక్టరీ హోరు చెవుల్లోంచి తుడిచిపెట్టుకుపోయింది. రిటైరైన కాలేజీ లెక్చరరు, కాలనీ సంఘం అధ్యక్షుడు చంద్రకాంత్ గారు లేచి నిలబడి ఇలా ప్రసంగించారు. "మిత్రులారా! సామాన్యుని సంగీతం అరుస్తుంది. మధ్యతరగతి సంగీతం మాట్లాడుతుంది. మహోన్నత సంగీతం మాత్రం మౌనం దాలుస్తుంది. ఈ సాయంత్రం ఈ హాలులో నేను ఒక్క అపస్వరం కూడా వినలేదు. నా జీవితంలో ఇలాంటి అనుభవం ఇదే ప్రథమం!" చప్పట్లు మారుమోగాయి. ఆ సాయంత్రం హాలులో వినబడిన శబ్దం అదొక్కటే.

అందరికీ వినబడుతున్నదానికి మళ్లీ స్పీకర్లు దేనికని జనార్దన్ ఆలోచించి, ఆ ఆర్డరు రద్దు చేశాడు. ఇంత విజయంలో ఒక్కటే లోపం మిగిలింది. వచ్చిన ప్రతివాడి ముందూ గోవిందమ్మ "నాకేం ఇనొస్తలేదు" అంటోంది. ఒక పెద్దావిడ అదేపనిగా అలా అంటుంటే, యంత్రం పరువేం కాను? అందువల్ల ఆమెను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు.

డాక్టరు రకరకాల మోతలు వినిపించాడు. అన్నీ చెప్పింది. పక్క గదిలో కాంపౌండరు ఫోనులో భార్యతో ఏ కూర వండమన్నాడో అది కూడా చెప్పింది. "చెవులు భేషుగ్గా ఉన్నాయండి" అన్నాడు డాక్టరు. అప్పుడు జనార్దన్ ఆయన చెవిలో యంత్రం ఖరీదు చెప్పాడు. డాక్టరు కలం ఆగింది. తీవ్రంగా ఆలోచించాడు. చివరకు కాగితం మీద ఇలా రాశాడు: "సాధారణ శబ్దములు వినబడుచున్నవి. ఖరీదైన శబ్దములు వినబడుట లేదు." వెంటనే రెండు చెవులకూ వినికిడి మిషన్లు, అవీ మేలు రకానివి, పెట్టాలని తేల్చాడు.

తిరుగు దారిలో గోవిందమ్మకు ఏడుపు ఆగలేదు. "నీ పెట్టె కోసం నన్ను చెవిటిదాన్ని చేసినవు గదా కొడుకా" అన్నది. జనార్దన్ కారు అద్దాలు తుడిచే మీట నొక్కాడు. వాన లేదు.

మిషన్లు బిగించిన దుకాణం మనిషి ఒక మాట చెప్పాడు. వీటిని ఫోనుతో కలిపితే, ఫోనులో అవతలివాళ్ల మాట నేరుగా చెవిలోకి వస్తుందట. గోవిందమ్మ కళ్లు తుడుచుకుని ఆ మాట మనసులో పెట్టుకుంది. ఇంటికొచ్చి హాసినిని పిలిచింది.

"బిడ్డా, మాట వస్తె పాట రాదా?"

"వస్తది నానమ్మా, ఎందుకు రాదు? నీకు ఏ పాట గావాలె?"

అంతే! ఇన్ని రోజుల తర్వాత గోవిందమ్మ చెవుల్లో పాట మోగింది. దౌల్తాబాద్ భజన మండలి తత్వాలు, పెళ్లికి ముందు పుట్టింటి పొలంలో నాట్లేస్తూ పాడుకున్న పాటలు, ఏది కావాలంటే అది. బయటికి చీమ చిటుక్కుమన్నంత శబ్దం కూడా రాదు, ఇజ్జత్‌కు ఢోకా లేదు. ఆమె ప్రాణం లేచివచ్చింది. కోడలు సణుగుతుంటే ఫోను మీద వేలు పెట్టి పాట ఇంకొంచెం పెంచుకునేది.

కొన్నాళ్లకు జనార్దన్ కాలనీ పెద్దలను మళ్లీ పిలిచాడు. నీలం దీపం వెలిగింది. అందరూ అలవాటు ప్రకారం కళ్లు మూసుకున్నారు. ఒక మూల కుర్చీలో గోవిందమ్మ కూర్చుని ఉంది. ఆమె తల మెల్లగా ఊగింది. వేళ్లు తొడ మీద తాళం వేశాయి. తర్వాత గొంతులో సన్నగా కూనిరాగం మొదలైంది.

చంద్రకాంత్ గారు ఒక కన్ను తెరిచి చూశారు, ఆమె తాళాన్ని అందుకున్నారు. వెంకటేశం ఆయనను చూసి అందుకున్నాడు. క్షణంలో హాలంతా గోవిందమ్మ వేళ్లను చూసి తాళం వేయసాగింది. ఆమె చెవుల్లో పాట మారి నాట్ల పాట వచ్చింది కాబోలు, ఆమె చేయి వడిగా ఆడింది. హాలు కూడా వడి పెంచింది. ఆమె కంట నీరు తిరిగితే ముగ్గురు రుమాళ్లు తీశారు. పాట అయిపోగానే ఆమె, "అబ్బ, ఎంత మంచిగ పాడిండ్రు!" అన్నది. ఏ పాట విన్నావమ్మా అని మాత్రం ఒక్కరూ అడగలేదు.

జనార్దన్ ముఖం పాలిపోయింది. వెంకటేశం అబద్ధమాడగలడు, చంద్రకాంత్ ప్రసంగించగలడు. అమ్మ మాత్రం వినబడనిది వినబడిందని చచ్చినా అనదు. అంటే నిజంగానే పాట వస్తోందన్నమాట! అంటే ఈ ఊళ్లో వినబడనిది తన ఒక్కడికేనా?

మర్నాడు తల్లి మిషన్లు చూపించే నెపంతో ఆయన ఆమెను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాడు. లోపల బెంచీ మీద వెంకటేశం కూర్చుని ఉన్నాడు. ఏదో జలుబని చెప్పాడు. పక్కనే చంద్రకాంత్ గారు పేపరుతో ముఖం దాచుకుని ఉన్నారు. నిన్నటి రుమాళ్ల వాళ్లు ముగ్గురూ గోడవైపు తిరిగి నిలబడ్డారు. కాసేపటికి ఒక్కొక్కరే గోవిందమ్మ దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగారు.

"పెద్దమ్మా, నీకు ఎట్ల ఇనొచ్చింది?"

గోవిందమ్మ వాళ్లందరినీ చూసింది. నవ్వొచ్చింది, ఆపుకుంది. కొడుకును చూసింది, అప్పుడు నవ్వు రాలేదు. ఉన్న సంగతే చెప్పింది. "చెవులు మంచిగున్నన్ని దినాలు ఇనొస్తుండె గాదు నాయినా. చెముడని రాసిచ్చినంక మంచిగ ఇనొస్తుంది."

ఆ మాటతో అందరికీ ధైర్యం వచ్చింది. డాక్టరు దయగల మనిషి, ఆ పూట వచ్చినవారిలో ఒక్కరిని కూడా నిరాశపరచలేదు. అందరికీ చెముడు రాసిచ్చాడు. ప్రస్తుతం ఆ కాలనీలో అందరికీ అన్నీ చక్కగా వినబడుతున్నాయి. ఏమంటారు, మీకేమీ వినబడటం లేదా? ఆ మాట కాస్త మెల్లగా అనండి. మీవాళ్లు వింటే ఈపాటికే చెవుల డాక్టరు దగ్గర మీ పేరున టోకెను తీసుకుని ఉంటారు.