నూట ఇరవై ఏళ్ళ ఉద్యోగం

లోకంలో కుటుంబ ప్రేమ అంతరించిపోయిందని కొందరు పెద్దమనుషులు వాపోతున్నారు. వారందరికీ ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, అది ఎక్కడికీ పోలేదు. మా ఇంట్లో క్షేమంగా ఉంది.

మేం నలుగురం. అమ్మ, నేను, మా ఆవిడ, మా తమ్ముడు. అందులో ముగ్గురం ప్రేమించేవాళ్ళం, ఒకడు సంపాదించేవాడు. పనులు ఇంత చక్కగా పంచుకున్న కుటుంబాన్ని ఇంకొకటి చూపించండి! మరి నువ్వెందుకు ఉద్యోగం చెయ్యలేదయ్యా అంటారేమో. నాకు తగింది దొరకలేదు. ఇరవై రెండేళ్ళుగా దొరకడం లేదు. ఆ సంగతి ఆలోచించడానికే నాకు పొద్దు చాలదు.

తమ్ముడు ఒక ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసేవాడు. వచ్చిన ప్రతి కాయితం మీదా 'చూశాను' అని రబ్బరు స్టాంపు వెయ్యడం వాడి పని. పదకొండేళ్ళు వేశాడు. వాడికి ఒకటే చెడ్డ అలవాటు. స్టాంపు వేసేముందు నిజంగానే చూసేవాడు. అందుకని ఏటేటా చీవాట్లు తినేవాడు.

ఒక సోమవారం వాడు లేవలేదు.

"ఒరేయ్, ఎనిమిదైందిరా!" అంటూ అమ్మ తలుపు తోసింది. మంచం మీద, దుప్పటి కింద, ఇంత లావు తాబేలు! ముక్కు మీద తమ్ముడి కళ్ళజోడు. అమ్మ గొంతు వినగానే అది చటుక్కున తల లోపలికి లాక్కుంది. అమ్మ అరిచినప్పుడల్లా వాడు చేసేది అదే కనక, వాడేనని మాకు రూఢి అయిపోయింది.

అమ్మ గుండెలు బాదుకుంది. "నా తండ్రీ, ఇదేం ఖర్మరా! కనీసం సెలవు చీటీ అయినా రాసి పెట్టలేదు కదరా!"

"ఇంక మనల్ని ఎవరు చూస్తారండీ?" అని మా ఆవిడ కళ్ళొత్తుకుంది. తర్వాత అత్తాకోడళ్ళిద్దరూ మెల్లగా నా వైపు తిరిగారు. ఆ చూపులు నాకు బొత్తిగా నచ్చలేదు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి నా బుర్ర గబగబా పనిచేసింది.

"తాబేలైతే స్టాంపు వెయ్యకూడదని ఎక్కడైనా రాసి ఉందా?" అన్నాను.

లేదు! వాణ్ణి కార్యాలయానికి మోసుకెళ్తే, వాడి ఆఫీసరు నిబంధనల పుస్తకాలు నాలుగూ తిరగేశాడు. ఉద్యోగి మౌనంగా ఉండాలని ఉంది. పై అధికారికి ఎదురు చెప్పరాదని ఉంది. మనిషై ఉండాలని మాత్రం ఎక్కడా లేదు. "రాసినవాళ్ళు మర్చిపోయారు. అందులో మనం కలగజేసుకోకూడదు" అన్నాడాయన, పుస్తకం మీద దుమ్ము దులుపుతూ.

కాయితాలు నేలమీద బారుగా పరిచారు. తమ్ముడి పొట్టకింద పురికొసతో స్టాంపు కట్టాం. బారుకి ఈ చివర ఇంకు మెత్త, ఆ చివర క్యారెట్టు. వాడు నాలుగు కాళ్ళమీద లేచి, ఒక అడుగు వేసి, పొట్ట ఆనిస్తే చాలు, 'చూశాను'! నెల తిరిగేసరికి ఆ కార్యాలయంలో ఫైళ్ళు మూడింతలు వేగంగా కదలడం మొదలుపెట్టాయి.

"ఇదివరకు ప్రతి కాయితం చదువుతూ కూచునేవాడండీ! ఇప్పుడా పీడ లేదు" అని ఆఫీసరు మురిసిపోయాడు.

సాయంత్రం ఇంటికి తెచ్చాక వాడు నెమ్మదిగా నా కుర్చీ దగ్గరికి వచ్చేవాడు. తలెత్తి నన్నే చూస్తూ ఉండిపోయేవాడు. ఏదో చెప్పాలని ఉండేదేమో పాపం. నేను పేపరు కాస్త పైకెత్తి చదువుకునేవాణ్ణి. నాకు జాలి ఎక్కువ, అలాంటివి చూడలేను.

ఇంతలో పశువుల డాక్టరు వాణ్ణి పరీక్షించి, ఇంకో నూట ఇరవై ఏళ్ళు ఢోకా లేదని కాయితం ఇచ్చాడు. అమ్మ ఆనందం చెప్పనలవి కాదు. "నా బంగారు తండ్రే! నా మునిమనవలు కూడా కూచుని తింటారు!" అంది. నాకింకా పిల్లలే లేరు. అయినా మురిసిపోయాం.

'సదరు తాబేలును నూట ఇరవై సంవత్సరములపాటు శాశ్వత ఉద్యోగిగా నియమించడమైనది' అని ఉత్తర్వు వచ్చింది. ఆఫీసు హాల్లో సభ పెట్టారు. తమ్ముణ్ణి బల్లమీద కూచోబెట్టి పైన ఎర్ర మఖమలు గుడ్డ కప్పారు. ఆఫీసరు అరగంట ఉపన్యసించి, చప్పట్ల మధ్య గుడ్డ సగం లాగాడు.

కింద మనిషి! మోకాళ్ళు కావలించుకుని, కళ్ళజోడు పెట్టుకుని, మా తమ్ముడు!

"అన్నయ్యా, ఆకలేస్తోంది" అన్నాడు. "ఏడు నెలలుగా క్యారెట్లేరా!"

ఆఫీసరు ఉత్తర్వు వంక చూసుకున్నాడు. ఇది మనిషైతే ఉత్తర్వు చెల్లదు, పైగా మళ్ళీ చదవడం మొదలుపెడతాడు. "ఈయన మీ తమ్ముడేనా? బాగా ఆలోచించి చెప్పండి" అన్నాడు నాతో.

అమ్మ పైకప్పు కేసి చూసింది. మా ఆవిడ నా నడుం గిల్లింది. నాకు సిగ్గేసింది. అబద్ధమెందుకు, నిజంగానే వేసింది. ఎంతసేపని ఉంచుకుంటాం?

"మా తమ్ముడు తాబేలండి. ఈయనెవరో నాకు తెలీదు" అన్నాను.

తమ్ముడు నన్ను కాసేపు చూశాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతలోనే ఏదో తట్టినట్టు మొహం విప్పారింది. "అయితే రేపు నాకు ఆఫీసు లేనట్టే కదా?" అని మఖమలు గుడ్డ చుట్టుకుని, ఈల వేసుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"సరే, మరి తాబేలేదీ?" అన్నాడు ఆఫీసరు. "రేపు పదింటికి సీట్లో తాబేలు ఉండాలి. ఉత్తర్వు వచ్చేసింది."

అత్తాకోడళ్ళు మళ్ళీ నా వైపు తిరిగారు. ఈసారి నా బుర్ర పనిచెయ్యలేదు.

మర్నాడు నా వీపుమీద బట్టలు నానబెట్టే తొట్టి బోర్లించారు. ముడులు అమ్మ వేసింది. ఎంత గట్టిగా వేసిందంటే, తల్లి ప్రేమ తప్ప ఇంకేదీ అలా వెయ్యలేదు. ఆఫీసరు చుట్టూ తిరిగి చూసి, "పాత తాబేలంత చురుకు లేదు. పోన్లెండి, నేర్చుకుంటుంది" అన్నాడు.

మూడు రోజులకే మోకాళ్ళు కొట్టుకుపోయాయి. నాలుగో రోజు ఓర్చుకోలేక తొట్టి కిందనుంచి తల బయటపెట్టి, "అయ్యా, నేను మనిషినండీ!" అని అరిచాను. ఆఫీసరు నిబంధన ప్రకారం ఇంటివాళ్ళని పిలిపించాడు.

అమ్మ పైకప్పు కేసి చూసింది.

మా ఆవిడ వంగి నన్ను తేరిపార చూసింది. పరిచి ఉన్న కాయితాలన్నిటి మీదా 'చూశాను' చూసింది. కొంగుతో కళ్ళొత్తుకుంది.

"మా ఆయన ఏనాడైనా ఇంత పని చేశారా అండీ?" అంది ఆఫీసరుతో. "ఇది ముమ్మాటికీ తాబేలే."