రాయమల్లు రాగిగొట్టం

ఆ బుధవారం పొద్దున రాయమల్లు పెట్టుకున్న పని చాలా చిన్నది. బజారుకు పోయి ఒక గొట్టం కొనుక్కొని, రెండో షిఫ్టు సైరన్ మోగేలోపు ఇంటికి రావాలి. బొగ్గుబావిలో పంపు ఫిట్టరుగా పనిచేసే మనిషికి గొట్టం కొనడం ఏపాటి పని? పైగా లోకంలో ఏ కష్టమైనా సరైన గొట్టం వేస్తే తీరిపోతుందని రాయమల్లుకు గట్టి నమ్మకం.

ప్రస్తుతం అతని కష్టం పేరు ఎల్లేశం. భార్య అనసూర్యకు తోడబుట్టిన అన్న, కమాన్‌పూర్‌లో తాళ్లు (తాటిచెట్లు) గీసి కల్లు తీసే మనిషి. రెండేళ్ల కిందట, నడి ఎండాకాలంలో, చెల్లెలి ఇంటికి ప్రేమగా రెండు కుండల కల్లు మోసుకొచ్చాడు. దారిలో ఎండకు అది కాస్తా పులిసింది. రాయమల్లు నోరు ఊరుకోదు గదా! "బావా, ఇది కల్లా, చింతపులుసా? ఇంత పోపు పెడితే అన్నంల పోసుకుందుము," అని పదిమందిలో అనేశాడు. అందరూ నవ్వారు. ఎల్లేశం కుండలు అక్కడే వదిలి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

అలిగితే అలిగాడులే అనుకోవడానికి లేదు. మేనమామ ఒడిలో కూర్చోబెట్టనిదే పిల్లకు పుట్టువెంట్రుకలు తీయరు. ఐదో ఏడు నడుస్తున్న కూతురు పూలమ్మకు జుట్టు నడుము దాకా పెరిగి జడలు కట్టింది. తల నిండా చెమటకాయలు. అనసూర్య రోజూ దువ్వెన పట్టుకుని ముందు పిల్లను, తర్వాత మొగుణ్ణి తిట్టేది. "నీ నోటి దూలకు నా బిడ్డ నెత్తి బలైతున్నది!" అనేది. చివరికి ఆమె కమాన్‌పూర్ పోయి కాళ్లావేళ్లా పడితే ఎల్లేశం మెత్తబడ్డాడు. వచ్చే ఆదివారం వస్తానన్నాడు. కల్లు కూడా తెస్తానన్నాడు. ఈసారి ఆ కల్లు తాగి ఒక్కడు మూతి వంకర పెట్టినా, పిల్ల ఆ జడలతోనే అత్తారింటికి పోవలసి వస్తుంది.

అందుకే రాయమల్లు ఒక యంత్రం ఆలోచించాడు. కల్లులో మంచుగడ్డ వేస్తే నీళ్లకల్లు అవుతుంది, అది ఇంకో అవమానం. కాబట్టి పైన కల్లు కుండ, కింద మంచుగడ్డల పెట్టె, పెట్టెలో చుట్టలు తిరిగిన గొట్టం, చివర ఒక ఇత్తడి నల్లా. పైన పోసిన కల్లు మంచులో తిరిగి తిరిగి చల్లబడి గ్లాసులో పడుతుంది. చల్లబడిన నాలుకకు పులుపు అంతగా తెలియదు. ఆదివారం దాకా ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. క్వార్టర్ల లైనులో తెలిస్తే బావ దాకా చుక్క మిగలదు.

రామగుండంలో ఎరువుల ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. బజారులో సదానందం ఇనుపసామాన్ల దుకాణంలో దొరకని గొట్టం లేదు. రాయమల్లు ఒక రబ్బరు గొట్టం అందుకుని, కొస నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చాడు.

"ఏందే రాయమల్లన్నా, గొట్టాన్ని నములుతున్నవ్?" అన్నాడు సదానందం.

"రుచి సూస్తున్న. ఇది లారీ టైరు లెక్కున్నది. ఇంకోటి తియ్యి."

ఇనుపగొట్టం తుప్పు రుచి కొట్టింది. ప్లాస్టిక్ గొట్టం కొత్త బకెటును నాకినట్టుంది. మేకులకు వచ్చినవాళ్లు మేకుల సంగతి మరిచిపోయి నిలబడి చూస్తున్నారు. చివరికి రాగిగొట్టం వంతు వచ్చింది. రాయమల్లు కళ్లు మూసుకుని చాలాసేపు చప్పరించాడు.

"ఇది మంచిగున్నది. కని పులుపు తగిలితే చిలుం పడుతది. లోపట కళాయి పోయించాలె."

"పులుపెందుకు తగులుతది? ఇంతకు దేనికే ఇది?"

"నీళ్లకు."

సదానందం ఇన్నేళ్ల వ్యాపారంలో ఇంత పొడుగు రాగిగొట్టం చుట్టగా కొన్నవాళ్లంతా ఒక్క పనికే కొన్నారు. వాళ్లు కూడా నీళ్లకనే చెప్పారు. అతను ఇంకేమీ అడగకుండా గొట్టాన్ని పాత పేపర్లో చుట్టి, కన్ను గీటి చేతికిచ్చాడు.

కళాయి పోయించుకుని ఇంటికొచ్చి, రాయమల్లు వాకిట్లో కూర్చుని గొట్టాన్ని రోకలి చుట్టూ చుట్టలు తిప్పసాగాడు. పక్క క్వార్టరు లింగవ్వ గోడ మీదుగా చూసింది. అంతకుముందే అటక మీది పెద్ద కుండ కిందికి దిగింది. అదే సమయానికి అనసూర్య పరమాన్నం కోసమని బుట్టెడు బెల్లం తెచ్చి అరుగు మీద దించింది. రాగిచుట్ట, పెద్ద కుండ, బెల్లం! లింగవ్వకు ఎవరూ ఏమీ చెప్పనక్కర లేకపోయింది.

"రాయమల్లు సారా బట్టి పెడుతున్నడు. ఇగ పటిక తెచ్చుడే తక్కువ," అని బోరింగు దగ్గర చెప్పింది.

మర్నాడు బావిలో బొగ్గు తొట్లు లాగే హాలేజీలో పనిచేసే సదయ్య వచ్చి రాయమల్లును పక్కకు పిలిచాడు.

"అన్నా, ఎప్పుడు షురూ?"

రాయమల్లు ఉలిక్కిపడ్డాడు. "నీకెట్ల ఎరుక?"

"లైనంతా ఎరుకే."

"ఐతారం పొద్దుగాల. ఇగ ఎవ్వలకు చెప్పకు."

"చెప్ప. మా ఇంటికో రెండు సీసలు ఆపు. గొంతు మండుతదా?"

"మండుడేంది? సల్లగ దిగుతది."

సదయ్య రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. చల్లగా దిగే సారా సంగతి అతను పుట్టి బుద్ధెరిగి వినలేదు.

ఆ తర్వాత ఎదురు క్వార్టరులో ఉండే వామనరావు వచ్చాడు. మంథని మనిషి, టైమాఫీసులో గుమాస్తా, కాఫీ తప్ప మరొకటి ముట్టడు.

"రాయమల్లూ, నీకు పుణ్యముంటుందయ్యా. ఆ పొగ మా ఇంటివైపు రానీయకు. మా ఆవిడ సుభద్రమ్మకు ఉబ్బసం."

"పొగెందుకొస్తది సార్? అసలు మంటే ఉండదు."

"మంట లేకుండానా?" వామనరావు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. దొంగసారా కూడా ఇంత శాస్త్రీయంగా కాస్తున్నారని తెలిసి, ఆయన ఆ రోజు కాఫీ కూడా తాగలేకపోయాడు.

శనివారం నాటికి కబురు బస్సెక్కి కమాన్‌పూర్ చేరింది. "ఇగ మీ కల్లు ఎవడు తాగుతడే ఎల్లేశం? మీ చెల్లె మొగడు బట్టి పెట్టిండు," అన్నారెవరో. కల్లు గీసేవాడికి సారా బట్టిని మించిన శత్రువు లేదు. ఎల్లేశం చెట్టెక్కే మోకు అక్కడే పడేసి, నేరుగా ఆబ్కారి ఆఫీసుకు నడిచాడు.

ఆదివారం వచ్చింది. అనసూర్య వాకిలి అలికి ముగ్గు పెట్టింది. మంగలి సాయిలు కత్తి నూరుకుంటున్నాడు. రాయమల్లు రంపపు పొట్టులో మంచుగడ్డలు తెచ్చి పెట్టె నింపి, మీద పాత చీర కప్పాడు. అంతలో జీపు ఆగింది. ముందు ఆబ్కారి ఎస్సై, తర్వాత ఇద్దరు జవాన్లు, ఆఖరున రెండు కల్లు కుండలతో ఎల్లేశం దిగారు. తెస్తానన్న మాట మాత్రం అతను తప్పలేదు.

"బట్టి ఏది?" అని గద్దించాడు ఎస్సై.

"చెల్లే, నీ మొగడు నా కడుపు మీద కొట్టిండు," అన్నాడు ఎల్లేశం. "ఇయ్యాల్టితోని ఈ గడపకు, నాకు సెల్లు. పిల్లను ఎవ్వని ఒళ్లె కూసోవెట్టుకుంటవో కూసోవెట్టుకో."

అనసూర్య పూలమ్మను పట్టుకుని గొల్లుమంది. రాయమల్లుకు విషయం సగమే అర్థమైంది. గబగబా పోయి పెట్టె మీది చీర లాగాడు. ఎస్సై వేడి ఎంతుందో చూద్దామని పెట్టెలో చెయ్యి పెట్టి, "అబ్బా!" అని వెనక్కి తీసుకున్నాడు.

"ఇదేందయ్యా? మంచా?"

"అవ్ సార్."

"సారాకు మంచెందుకు?"

"సారా కాదు సార్. మా బావ కల్లుకు," అన్నాడు రాయమల్లు. తర్వాత ఎల్లేశం వైపు తిరిగాడు. "బావా, ఆనాడు ఎండకు పులిస్తే నిన్ను అన్న. తప్పు ఎండది, మాట పడ్డది నువ్వు. గా ఎండనే ఆపుదామని, నీ కల్లుకు వేరే రుచి తగలొద్దని గొట్టాలు నమిలి సూసి మరీ గిదంత జేసిన."

ఎల్లేశం మంచులో చెయ్యి పెట్టి ఆ చుట్టను తడిమి చూశాడు. చెల్లెలి మొగుడు తన కోసం గొట్టాలు నమిలి ఎంచాడని తెలిస్తే ఏ మనిషికైనా గుండె కరుగుతుంది. కండువాతో ముక్కు తుడుచుకున్నాడు.

ఎస్సైకి మాత్రం అనుమానం తీరలేదు. నడిపి చూపించమన్నాడు. ఎల్లేశం కల్లు పోశాడు, రాయమల్లు నల్లా తిప్పాడు. చుక్క రాలేదు. ఎస్సై వంగి నల్లా మూతిలోకి చూశాడు. గొట్టంలో ఏదో గుడగుడలాడింది, మరుక్షణం నురగంతా ఆయన మీసాల మీదికి ఎగజిమ్మింది. ఎస్సై మెల్లగా మీసం చప్పరించాడు.

"సల్లగున్నది," అన్నాడు.

విచారణ సక్రమంగా జరగాలి గనక ఒక గ్లాసు తాగాడు. జవాన్లు కూడా సాక్ష్యం కోసం తాగారు. ఇంతలో సదయ్య, అతని వెనక ఇంకో పదిమంది, చంకల్లో ఖాళీ సీసాలతో దొడ్డిదారిన దిగారు. ఖాకీ బట్టలు చూసి కొయ్యబారిపోయారు.

"మీరెందుకు వచ్చిండ్రు?" అన్నాడు ఎస్సై.

"పుట్టెంటికలకు," అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

పుట్టువెంట్రుకలకు వచ్చినవాళ్లను పొమ్మనడానికి లేదు. లైనంతా కూర్చుంది. నల్లా దగ్గర ఎల్లేశం స్వయంగా నిలబడ్డాడు. "ఎల్లేశన్నా, నీ తాళ్లకు మంచు గిట్ల కురుస్తదా ఏంది?" అని ఎవరో అంటే అతని ముఖం వెలిగిపోయింది. అంత మెప్పు అతనికి జన్మలో దక్కలేదు. పిల్ల జుట్టు సంగతి ఎవరికైనా గుర్తొచ్చే సరికి సాయిలు చేతిలో కత్తితో, గోడకు ఆనుకుని గురక పెడుతున్నాడు. ఆ చేతి కింద బిడ్డ తల పెట్టడానికి అనసూర్యకు ధైర్యం చాలలేదు.

"ఫికర్ జెయ్యకు చెల్లే," అన్నాడు ఎల్లేశం. "మళ్ల ఐతారం వస్త."

అన్నట్టే కుండలతో సహా వచ్చాడు. ఆ రోజు అమావాస్య దగ్గర పడిందన్నాడు. తర్వాతి ఆదివారం వర్జ్యం అడ్డం వచ్చింది. ఆ తర్వాత తిథి బాగాలేదు. పుట్టిన దగ్గర్నుంచి పంచాంగం మొహం చూడని మనిషి, ఇప్పుడు వామనరావు ఇంటికి పోయి మరీ చెడ్డ ఘడియలు వెతికించుకుంటున్నాడు. రెండేళ్లు ఆ గడప తొక్కనివాడు వారం వారం కోడి కూయకముందే వాకిట్లో ఉంటున్నాడు. జుట్టు తీసేస్తే ఇక ప్రతి ఆదివారం రావడానికి సాకు ఉండదని అనసూర్యకు అర్థం కావడానికి కొంతకాలం పట్టింది. రాయమల్లు వైపు నుంచి ఏ ఫిర్యాదూ లేదు.

ఒక శనివారం మొగుడు డ్యూటీకి పోగానే, ఆమె అతని రంపంబద్ద తీసి రాగిచుట్టను ముక్కలు ముక్కలుగా కోసి అరుగు మీద పేర్చి పెట్టింది.

మర్నాడు ఎల్లేశం వచ్చి, ఆ ముక్కలను ఒకదాని కొసకు ఒకటి ఆనించి చూసి, తిరిగి అరుగు మీద పెట్టాడు. ఆ రోజు అమావాస్య లేదు, వర్జ్యం లేదు, తిథి కూడా దివ్యంగా ఉంది. సాయిలు అంబలి తాగే పొద్దుటి వేళకే పని ముగించాడు. మేనమామ ఒడిలో పూలమ్మ కిక్కురుమనలేదు. ఏడ్చింది ఎల్లేశం ఒక్కడే.