గిటార్ వెనక నంబరు

ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైన పదో రోజు పొద్దున చక్రపాణి చేయవలసిన పని ఒక్కటే. గడ్డిఅన్నారం మార్కెట్‌కు వెళ్లి రెండు డజన్ల బత్తాయిలు తేవాలి. ఆఫీసుకు తాళం పడ్డాక సీనియర్ అసిస్టెంట్‌కు ఇంట్లో అంతకన్నా పెద్ద బాధ్యతలు ఎవరూ అప్పగించరు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి సంచీ పట్టుకుని నడిచి వెళ్లిన మనిషి రెండు గంటల తర్వాత ఖాళీ సంచీ చంకలో, ఒక గిటార్ భుజాన వేసుకుని తిరిగొచ్చాడు.

"బత్తాయిలేవండీ?" అంది ఉదయలక్ష్మి.

"ముందు ఇది చూడు. ఇది నాదే!"

"డబ్బులు పోసి కొన్నాక మీది కాక ఎవరిదవుతుంది?"

"అది కాదే. ఇది నా గిటార్. నాన్న అమ్మేసిన గిటార్!"

ఉదయలక్ష్మి వంటింట్లోకి వెళ్లిపోయింది. పెళ్లైన నాటి నుంచి ఆమె ఈ కథ వింటూనే ఉంది. రేపల్లెలో ఉన్న రోజుల్లో చక్రపాణి ఒక ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించేవాడు. మద్రాసులో పాత సామాన్ల షాపులో, బిల్లు రాయించుకుని మరీ కొన్న ఎర్రటి జర్మనీ ఎలక్ట్రిక్ గిటార్ అది. సర్కారు ఉద్యోగం కాగితం వచ్చినప్పుడు చేరనన్నాడు. మద్రాసు వెళ్లి సినిమాల్లో వాయిస్తానని మొండికేశాడు. ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి గిటార్ లేదు. హైదరాబాదు నుంచి వచ్చిన బేరగాడెవడికో అమ్మేశానని తండ్రి చెప్పాడు. చక్రపాణి హైదరాబాదు వచ్చి ఉద్యోగంలో చేరాడు. తండ్రితో మాత్రం ఆయన పోయేదాకా అవును, కాదు అన్న రెండు మాటలతోనే సరిపెట్టాడు. ఇరవై ఏడేళ్లుగా ఈ ఊళ్లో పాత సామాన్ల కొట్టు కనబడితే చాలు, బస్సు దిగిపోయేవాడు.

సాక్ష్యంగా ఒక ఫొటో ఉంది. అందులో లావుపాటి గాయకుడి వెనక నుంచి ఒక మోచెయ్యి కనబడుతుంది. అది తనదే అంటాడు చక్రపాణి. "అవునా" అంటుంది ఉదయలక్ష్మి. ఆ 'అవునా' వినీ వినీ అతని ప్రాణం విసిగిపోయింది.

మార్కెట్ దగ్గర పాత సామాన్లు అమ్మే లచ్చయ్య తోపుడుబండి మీద ఇనుప సామాన్ల మధ్య దొరికిన ఈ గిటార్‌కు తీగలు లేవు. ఒళ్లంతా దట్టంగా నీలిరంగు పూసి, దాని మీద గులాబీ అక్షరాలతో 'జై తెలంగాణ' అని రాశారు. ఏ ఊరేగింపులోనో పట్టుకు తిరిగి ఉంటారు. అంచున రంగు పెచ్చు ఊడిన చోట మాత్రం ఎరుపు తొంగిచూస్తోంది. వెనకవైపు, మెడ అతికే చోట నాలుగు మరలతో బిగించిన స్టీలు పలక ఉంది. రంగు పొరల కింద ఆ పలక మీద నంబరు చెక్కి ఉండాలి. ఆ నంబరు బిల్లులోనూ ఉండాలి. రెండూ కలిస్తే ఇక ఎవరి 'అవునా'తోనూ పని లేదు. జీవితమంతా ఫైళ్లు చూసిన మనిషికి కాగితాన్ని మించిన దేవుడు లేడు.

రేపల్లెలో ఉన్న అక్క కోటేశ్వరమ్మకు వెంటనే ఫోన్ చేశాడు.

"అక్కా, అటక మీద నాన్న ట్రంకుపెట్టె ఉంది చూడు, అందులో గిటార్ బిల్లుంటుంది. నంబరు చదివి చెప్పాలి."

"నా మోకాళ్లతో అటకెక్కడమా? మనిషిని చూసి వెతికిస్తాలే, ఆగు."

బుద్ధి ఉన్నవాడెవడైనా మొదట వెనకవైపు గీకుతాడు. చక్రపాణికి ఎరుపు చూడాలని తొందర. వరండాలో కూర్చుని కూరగాయల చాకుతో ముందువైపే మొదలుపెట్టాడు. 'జై' పూర్తిగా పోయి 'తె' సగం పోయేసరికి, మోటారు వేయడానికి వచ్చిన ఇంటి ఓనరు యాదలక్ష్మి అక్కడే ఆగిపోయింది. ఆమెది నల్లగొండ.

"గదేంది సారూ, జై తెలంగాణను గీకుతున్నరు?"

"అబ్బే, లేదండీ! రంగు గీకుతున్నానండీ."

"రంగు మీద ఏం రాసున్నదో సదువరాదా మీకు?"

"కింద ఎరుపుందండీ. నాకు కావలసింది ఆ ఎరుపు."

యాదలక్ష్మి వెంటనే ఫోన్ తీసుకుంది. మధ్యాహ్నానికి ఆమె తమ్ముడు మహేష్ నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఎల్బీనగర్ చౌరస్తాలో రిలే దీక్షల శిబిరం నడిపేది అతనే. వచ్చినవాళ్లు చెప్పులు బయటే విడిచారు, మంచినీళ్లు అడిగి తాగారు. ఆ మర్యాదకే చక్రపాణికి చెమటలు పట్టాయి.

"మిమ్మల్ని మేం ఎన్నడన్న ఏమన్న అన్నమా సార్? గిట్ల జేస్తె దిల్ ఖరాబైతది."

"బాగుచేయించి మళ్లీ రాయిద్దామనేనయ్యా గీకుతున్నాను! నేను గిటార్ వాయిస్తాను."

"నిజంగ వాయిస్తరా? అయితె ఆదివారం మా శిబిరంల వాయించుండ్రి."

భయపడి ఒప్పుకున్నానని చక్రపాణి తర్వాత అందరికీ చెప్పాడు. అది అబద్ధం. ఇరవై ఏడేళ్లలో అతన్ని వాయించమని అడిగిన మొదటి మనిషి మహేష్. ఆ మాట విన్నప్పుడు అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

రెండు రోజులు అన్నం మీద కూడా ధ్యాస లేదు. తెగిన వైర్లు తనే అతికాడు, తుప్పు పట్టిన బిరడాలకు నూనె వేశాడు, కొత్త తీగలు బిగించాడు. అరువు తెచ్చిన యాంప్లిఫయర్‌కు కలిపి తీగ మీటితే ఇల్లంతా మోగింది. ఉదయలక్ష్మి గరిటెతో సహా వరండాలోకి వచ్చింది. ఏదో అనబోయింది గానీ, ఈలోపు ఫోన్ మోగింది. చేసింది ఆమె తమ్ముడు నాగార్జున. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ నడుపుతాడు.

"బావా, మా సెంటర్ అద్దాలు ఇప్పటికి రెండుసార్లు పగిలాయి. నువ్వెళ్లి వాళ్ల శిబిరంలో కచేరీ చేస్తావా? మనవాళ్లకి నా మొహం ఎలా చూపించమంటావ్?"

"నేను చేస్తానన్నానా? వాళ్లు బలవంతం చేశారయ్యా," అన్నాడు చక్రపాణి, ఆ పూటకు గండం గడిస్తే చాలని.

నాగార్జున ఆ మాట ఎవరికి చేరవేశాడో గానీ, గంట తిరక్కుండా టీవీలో కింద అక్షరాలు పరుగెత్తాయి: 'సీమాంధ్ర ఉద్యోగికి వేధింపులు. బలవంతంగా గిటార్.' ఈసారి మహేష్ చెప్పులతోనే లోపలికొచ్చాడు.

"మేం మిమ్మల్ని బెదిరిచ్చినమా సార్? చెప్పుండ్రి, ఎప్పుడు బెదిరిచ్చినం?"

సాయంత్రం ఇంకో చానల్ మైకు ముందు నిలబడి, తాను మనస్ఫూర్తిగా, ఎవరి ఒత్తిడీ లేకుండా వాయిస్తున్నానని చక్రపాణి ప్రకటించాడు. ఆ ఒక్క ముక్కే నిజం, దాన్ని ఎవరూ నమ్మలేదు. నాగార్జున అక్కకు ఫోన్ చేసి, ఇక మీ గడప తొక్కనని చెప్పి పెట్టేశాడు.

"ఒక్క చెక్కముక్క కోసం నా తమ్ముణ్ని దూరం చేశారు," అంది ఉదయలక్ష్మి.

ఇక మిగిలింది రంగు. మహేష్ అతన్ని ఎల్బీనగర్‌లో బండ్లకు రంగులు వేసే బక్కయ్య దగ్గరికి తీసుకెళ్లాడు. చక్రపాణి ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

"ముందువైపు నీ ఇష్టం, ఏ రంగైనా వెయ్యి. వెనక పలక మాత్రం జాగ్రత్త. దాని మీద నంబరుంటుంది. నాకు అదే ప్రాణం."

"సమజైంది సార్. నంబర్ సంగతి నాకు ఇడిసిపెట్టుండ్రి."

ఆదివారం పొద్దున గిటార్ గులాబీ రంగులో పెళ్లిపల్లకీలా మెరిసిపోతోంది. చక్రపాణి గబుక్కున వెనక్కి తిప్పాడు. పలక అద్దంలా ఉంది. దాని మీద నల్లటి అక్షరాలు రెండు: టీజీ.

"నంబరేదయ్యా?"

"గ్రైండర్ పెట్టి సాఫ్ జేసిన సార్. దినాం యాభై బండ్లకు ఏపీ తీసి టీజీ ఏస్తున్న. మీరసలే ఆంధ్రోళ్లు, రేపు మీకు లొల్లి గావొద్దని మంచిగ ఏసిన. పైసల్ గూడ ఒద్దు."

"పాత నంబరెంతో గుర్తుందా?"

"యాభై బండ్లల్ల ఏది యాదుంటది సార్? ఇంగొకటి, కింద ఎరుపు ఎరుపు అంటిరి. అది కిటికీ ఊచలకు కొట్టే రెడ్ ఆక్సైడ్. దానికింద ఉత్త కట్టెనే."

బక్కయ్య మొహంలో కల్మషం లేదు. ఉంటే తిట్టడానికైనా వీలుండేది. ఆ రెడ్ ఆక్సైడ్ తన తర్వాత ఎవరో కొట్టి ఉంటారనీ, జర్మనీ గిటార్‌కైనా లోపలుండేది కట్టేననీ చక్రపాణి తనకు తాను చెప్పుకున్నాడు. బిల్లు దొరికినా ఇప్పుడు దేనితో పోల్చాలో తెలియదు. వాయించడం ఒక్కటే మిగిలింది. వేళ్లు గుర్తుపడతాయి, గిటార్ తనదో కాదో ఆ వేళ్లే చెబుతాయి అనుకున్నాడు.

శిబిరంలో మూడు వందల మంది ఉన్నారు. వెనక వరసలో ఉదయలక్ష్మి కూడా ఉంది. పిలవకుండానే వచ్చింది. మహేష్ పరిచయం చేశాడు, చప్పట్లు కొట్టారు. చక్రపాణి కళ్లు మూసుకుని తీగ మీటాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

"సింగరేణి బొగ్గు బంద్! కరెంట్ బంద్!" అని మైకు లేకుండానే అరిచాడు మహేష్. "సమ్మె గెలుస్తున్నది!"

జనం లేచి నిలబడి ఈలలు వేశారు. ఆ ఆనందం మధ్య చక్రపాణి ఏడు నిమిషాలు వాయించాడు. ఒక్క స్వరం తప్పలేదని తర్వాత అతను ప్రమాణం చేశాడు. కాదనగల వాళ్లెవరూ లేరు. చేతులు ఆడటం ఆగిపోయాక, అయిపోయిందని గ్రహించి మంచి మనసుతో చప్పట్లు కొట్టారు. ఆ వెంటనే డప్పులవాళ్లు ఎక్కారు. వాళ్లకు కరెంటుతో పని లేదు.

బస్సులు లేవు కనుక మొగుడూ పెళ్లాలు దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచారు. చైతన్యపురి దగ్గర ఉదయలక్ష్మి అడిగింది.

"ఏం వాయించారండీ?"

"పాత పాట. కచేరీలో మొదట అదే వాయించేవాణ్ని."

"అవునా" అంది.

ఇంటి మెట్లెక్కుతుండగా రేపల్లె నుంచి ఫోన్ వచ్చింది.

"ఒరే చక్రీ, అటకంతా దింపించా. బిల్లు దొరకలేదు గానీ గిటార్ దొరికిందిరా."

చక్రపాణి మెట్టు మీద కూర్చున్నాడు.

"ఏ గిటార్?"

"నీదేరా, ఎర్రది. నాన్న పట్టుపంచెలో చుట్టి గోడవార దాచాడు. అమ్మానని చెప్పకపోతే నువ్వు ఉద్యోగంలో చేరవని భయం ఆయనకి. ఒక ఏడాదయ్యాక ఇచ్చేద్దామనుకున్నాడేమో. నువ్వు మాట్లాడితేగా ఇచ్చేది!"

అవతల అక్క హలో, హలో అంటోంది. ఉదయలక్ష్మి గులాబీ గిటార్‌ను అతని భుజం మీద నుంచి తీసి, గోడకు ఆనించి, పక్కన కూర్చుంది. చక్రపాణి ఫోన్ మళ్లీ చెవికి ఆనించుకున్నాడు.

"అది నాదేనని రుజువేముంది అక్కా? బిల్లు వెతికించు," అని ఫోన్ పెట్టేశాడు.