నలభై మూడు పెట్టెలు, తిరగబడ్డ ఒక్క వరస

ఆఫీసులో ఆయన్ని అందరూ గళ్ళాయన అంటారు. కంప్యూటర్లో గళ్ళ షీటు తెరిస్తే చాలు, అన్నం సంగతి కూడా మరిచిపోయే మనిషి. మౌసు ముట్టుకోకుండా పని ఎలా చేయాలో దారినపోయేవాళ్ళని ఆపి మరీ చెబుతారు. ఇంట్లో మాత్రం తన వస్తువు ఒక్కటీ తనకు కనబడదు. "ఏమోయ్, నా దువ్వెనెక్కడ?" అన్న కేకతోనే ఆ ఇంట్లో తెల్లవారుతుంది.

భార్యకు వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చి ఇల్లు మారాల్సి వచ్చింది. సోమవారం తొమ్మిదింటికి అసలు సర్టిఫికెట్లు చూపించి చేరాలి. చూపించకపోతే జాబితాలో తరవాతి పేరున్నావిడను పిలుస్తామని ముందే చెప్పేశారు. శనివారం, తమతోనే ఉండే తల్లితో కలిసి సామాన్లు సర్దుతూ ఆవిడ మార్కరు తీసుకుని పెట్టెల మీద రాయబోయింది. గళ్ళాయన అడ్డుపడ్డారు.

"ఇంకా మార్కరేమిటోయ్? పెట్టె మీద నంబరు వెయ్యి చాలు. దేంట్లో ఏముందో చెబుతూ ఉండు, నేను షీట్లో ఎక్కిస్తా. అక్కడికెళ్ళాక కంట్రోల్ ఎఫ్ నొక్కి కుక్కర్ అని కొడితే పెట్టె నంబరు చెప్పేస్తుంది."

"బాగానే ఉంది. పెట్టెలు విప్పి సర్దేదెవరు?"

"మెదడు పని నాది. చేతి పని మీ తల్లీకూతుళ్ళది."

అసలు ఎత్తంతా అదే. ఒళ్ళో ల్యాప్‌టాప్ ఉన్నవాడి నెత్తిన ఎవరూ పెట్టె పెట్టరని ఆయన ధీమా. భార్య "సరే, కానివ్వండి" అంది. ఆవిడ అంత తేలిగ్గా సరే అంటే భయపడాలని పదకొండేళ్ళ కాపురంలో ఆయనకు తెలిసి రాలేదు.

ఒకటి, రెండు అని కొట్టి, గడి మూల పట్టుకుని కిందికి లాగారు. నలభై మూడు దాకా నంబర్లు వాటంతటవే దిగాయి.

"చూశారా అత్తయ్యగారూ?"

"చూశాను బాబూ. అలా లాగితే మేడమీది పెట్టెలు కూడా దిగుతాయా?" అన్నారు అత్తగారు.

సాయంత్రానికి జాబితా పూర్తయింది. అందంగా ఉంటుందని గళ్ళాయన సామాన్ల పేర్ల వరసను అకారాది క్రమంలో పెట్టబోయారు. ఈ ఒక్క వరసేనా, పక్క వరసను కూడా కలుపుకోమంటారా అని కంప్యూటరు మర్యాదగానే అడిగింది. ఆయన చదవలేదు. అక్కర్లేదని నొక్కి, సేవ్ చేసి, మూసేశారు. పేర్లన్నీ చోట్లు మారిపోయాయి, నంబర్లు ఉన్నచోటే ఉండిపోయాయి. భార్య వెనక నిలబడి చూసింది కానీ పెదవి విప్పలేదు.

ఆదివారం పొద్దున లారీవాళ్ళు కొత్తింట్లో పెట్టెలు దించి వెళ్ళారు. గళ్ళాయన కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు.

"నా సర్టిఫికెట్ల ఫైలు ఏ పెట్టెలో ఉందంటోంది మీ షీటు?" అడిగింది భార్య.

"నలభై ఒకటి."

విప్పితే అత్తగారి చెప్పులు. చెప్పులెక్కడని వెతికితే పదిహేడు అంది. అందులో కుక్కర్ ఉంది. కుక్కర్ అని కొట్టి చూస్తే తొమ్మిది. దాంట్లో దుప్పట్లు. గళ్ళాయన కంట్రోల్ జెడ్ పదిసార్లు నొక్కారు. నిన్న మూసేసిన తప్పు ఇవాళ వెనక్కి రాలేదు.

"రేపు తొమ్మిదింటికి ఏం చూపించమంటారు? మీ షీటా?"

ఈ ఉద్యోగం కోసం ఆవిడ రెండేళ్ళు చదివింది. తన మూలాన అది పోతే ఇక ఆవిడ మొహం ఎలా చూడాలి? ల్యాప్‌టాప్ పక్కన పడేసి లేచారు.

"నలభై మూడూ నేనే విప్పుతా."

"విప్పి గుట్ట పోస్తే ఫైలు ఆ గుట్ట కిందే పోతుంది. తీసింది తీసినట్టు సర్దుకుంటూ పొండి," అంది భార్య, తల్లి పక్కన కూర్చుంటూ.

"బాబూ, ఆ డబ్బాలు ఇంకో అర పైకి," అన్నారు అత్తగారు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల."

మధ్యాహ్నం నాలుగింటికి ఆఖరి పెట్టె ఖాళీ అయింది. ఇల్లు అద్దంలా ఉంది. ఫైలు మాత్రం లేదు. గళ్ళాయన నేల మీద కూలబడి, "నన్ను క్షమించవే," అన్నారు.

భార్య హ్యాండుబ్యాగు తెరిచి ఆయన చెమట తుడవడానికి రుమాలు తీసింది. రుమాలు వెనకే ఫైలు.

"ఇదిక్కడుందేమిటి?"

"నిన్న మీరు ఆ ఒక్క వరసా తిప్పడం చూశాను. అప్పుడే పెట్టె తెరిచి తీసి పెట్టుకున్నా."

"మరి పొద్దున్నుంచీ చెప్పవేం?"

"మీరు షీటునడిగారు, పెట్టెలనడిగారు. ఫైలెక్కడుందని నన్నడిగారా?"

అత్తగారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

సోమవారం భార్య ఉద్యోగంలో చేరింది. గళ్ళాయన సెలవు పెట్టి ఇంట్లో ఉన్నారు. టీ వడకట్టేదెక్కడని అత్తగారు అడిగితే కుడివైపు రెండో అర అన్నారు. కత్తెరంటే కిటికీ పక్క సొరుగన్నారు. ఇల్లంతా సర్దింది ఆయనే కనుక, ఏది ఎక్కడుందో ఆ ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.

మంగళవారం తెల్లవారుతూనే గదిలోంచి భార్య కేక వినిపించింది.

"ఏవండీ, నా దువ్వెనెక్కడ?"

గళ్ళాయన కళ్ళు నులుముకుంటూ లేచి వెళ్ళి, అద్దం కింది సొరుగులోంచి తీసి ఆవిడ చేతిలో పెట్టారు.